గజామూంగ్ పేరు మీద వేసిన తాళం

మా కోడలు కన్నమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని అడిగిన మొదటి ప్రశ్నకే నేను జవాబు చెప్పలేకపోయాను.

"అత్తా, ఆవిడ పేరేటి?"

"పలక్కూడదు."

"పలకొద్దు. కాగితం మీద రాసియ్యి."

"రాయకూడదు కూడా."

కన్నమ్మ కుర్చీ నా వైపు తిప్పింది. "మరి ఎవరికి పంపాలో మిషన్‌కి ఎలా తెలుస్తాది?"

ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. జగదల్‌పూర్‌లో గోంచా పండుగకు రథాల దగ్గర మొలకెత్తిన పెసలు ప్రసాదంగా పెడతారు. దాన్ని గజామూంగ్ అంటారు. ఇద్దరు మనుషులు ఆ పెసలు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే స్నేహం కట్టినట్టే. కులం వేరైనా, భాష వేరైనా ఆ రోజునుంచి ఒకరి చావుబతుకులకు ఒకరు నిలబడాలి. ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. ఆమె నాకు గజామూంగ్, నేను ఆమెకు గజామూంగ్, అంతే. అందుకే ఇక్కడ కూడా ఆమె పేరు రాయను.

మాది బచేలీ రైల్వే క్వార్టర్లు. మా ఆయన పైడయ్య రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. పెళ్లయిన ఏడాదే నన్ను విజయనగరం పక్కనుంచి ఈ ఇనుపకొండల కిందికి తీసుకొచ్చాడు. నేను బడి మొహం చూడలేదు. వైజాగునుంచి రైల్లో వచ్చే పాత పేపర్లు పొట్లాలుగా ఇంటికి వస్తే, వాటిని విప్పి కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. గజామూంగ్‌ది మరైగూడ వైపు ఒక పల్లె. సైడింగు పనికి కూలికి వచ్చి రెండేళ్లు మా క్వార్టరు వెనక గుడిసెలో ఉంది. ఇద్దరం కలిసే రైలెక్కి గోంచాకు వెళ్లాం.

తరవాత ఆమె ఊరికి వెళ్లిపోయింది. ఏటా చింతపండు పట్టుకుని వచ్చేది. అడవిలో గొడవలకు ఊళ్లు ఖాళీ అయిన ఏడాది రాలేదు. నది దాటి భద్రాచలం వైపు పోయారని ఒకరు, కాదు క్యాంపులో ఉన్నారని ఒకరు చెప్పారు. మా ఆయన ఉన్నన్నాళ్లు లారీవాళ్లనీ బస్సువాళ్లనీ ఆమె పేరు చెప్పి అడుగుతూనే ఉన్నాడు. ఆయన పోయాక ఆ పేరు నాకు తప్ప మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మా అబ్బాయి తాతబాబుకు ఆమె గజామూంగ్ పిన్ని, ఇంకో పేరు ఉంటుందని కూడా వాడికి తోచలేదు. నేను సంతలో నిలబడి ఎవరిని అడగను, ఏమని అడగను? స్టేషన్లో ఎవరిని దిగబెట్టి వచ్చినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. వెళ్లినవాళ్లు వెళ్లినచోటే ఉండిపోతారని భయం.

దొరికింది కన్నమ్మ వల్ల. కన్నమ్మ ఒక చిన్న ఆరోగ్య సంస్థలో పనిచేస్తుంది. రక్తపరీక్షల రిపోర్టులు ఊళ్లలోని క్లినిక్కులకు పంపడం ఆమె పని. ఎవరికి ఏ జబ్బుందో దారిలో ఇంకెవరూ చదవకూడదని వాళ్ల డాక్టరు పట్టుపట్టి అందరికీ జీపీజీ నేర్పించాడు. అది బొమ్మలూ బటన్లూ లేని నల్లటి తెర. దాని మీద ఒక వరస ఆదేశం టైపు చేస్తే ఉత్తరం పిచ్చి అక్షరాల ముద్దగా మారిపోతుంది. ఎవరికి పంపామో వాళ్ల దగ్గరే మళ్లీ ఉత్తరమవుతుంది. ఆ శిక్షణకు ఎర్రబోరు క్లినిక్ నుంచి దేవే అనే అమ్మాయి వచ్చింది. భోజనాల దగ్గర దేవే అందట, మా అమ్మకు బచేలీలో ఒక గజామూంగ్ ఉంది, వెతుకుదామంటే పేరు చెప్పదు అని. మా అత్త కూడా అంతే అని కన్నమ్మ అందట. ఇద్దరూ ఎంగిలి చేతులతోనే ఒకళ్ల వివరాలు ఒకళ్లు అడిగి తేల్చుకున్నారట.

ఆ సాయంత్రం కన్నమ్మ ఇంటికొచ్చి చెప్తే నేను నమ్మలేదు. దేవే చిన్నప్పుడు భద్రాచలం వైపు చదువుకుందనీ, ఇప్పుడు తల్లితో కలిసి మళ్లీ మరైగూడ వచ్చేసిందనీ చెప్పింది. ఫోన్ చేద్దామంది. చేశాం. మలేరియా మందులు వేసుకుని వేసుకుని గజామూంగ్‌కు చెవులు దెబ్బతిన్నాయి. నేను ఇక్కడ అరుస్తున్నాను, ఆమె అక్కడ అరుస్తోంది, మధ్యలో దేవే అరుస్తోంది. పక్క క్వార్టరు గురమ్మ వచ్చి ఏమైంది, పాము దూరిందా అని అడిగింది.

అందుకే ఉత్తరాలన్నాను. కానీ తెరిచి ఉన్న ఉత్తరం వద్దన్నాను. లారీవాళ్ల చేతికిచ్చిన చీటీలు ఎవరెవరు విప్పి చదివారో, ఎవరెవరిని ఏమేం అడిగారో ఆ రోజుల్లో చూశాను. కన్నమ్మ నవ్వి, "మాకు పని అదే కదా అత్తా, నీకూ ఒక తాళం చేద్దాం" అంది.

ఇద్దరికీ రెండేసి తాళంచెవులు ఉంటాయి. ఒకటి అందరికీ పంచిపెట్టేది. దానితో మూయడమే వస్తుంది, తెరవడం రాదు. రెండోది తెరిచేది, అది మన దగ్గరే ఉంటుంది. గజామూంగ్ నాకిచ్చిన చెవితో నేను మూస్తే ఇక ఆమె ఒక్కతే తెరవగలదు. పైన నేను సంతకం చేస్తే, అది దారిలో ఎవరూ మార్చలేదనీ, నా చెవి నుంచే వచ్చిందనీ అక్కడ తెలుస్తుంది. నాకు ఇది బాగా నచ్చింది. నా తలుపు గడియ నేను వేశాక కూడా మూడుసార్లు లాగి చూస్తాను.

పేరు అడిగినప్పుడు ఆమెది చెప్పలేదు కదా. చివరికి కన్నమ్మే అంది, "సరేలే, వాళ్ల చెవి దేవే చేస్తాది. ముందు నీది చేద్దాం. నీ పేరు పెట్టనా?"

"ఆమెకు నా పేరుతో ఏం పని? గజామూంగ్ అని పెట్టు."

"అదేనా?"

"ఆమెకు నేనెవరినో అదే."

పెట్టింది. తరవాత తెర మీద ఏదో వచ్చింది. కన్నమ్మ కీబోర్డు నా ముందుకు జరిపింది. "ఇప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు నొక్కు. వరసా పద్ధతీ ఉండకూడదంట. ఎంత గజిబిజిగా నొక్కితే తాళం అంత గట్టిగా వస్తాదంట."

నేను బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కొక్కటే చూసి నొక్కాను.

"అలా ఆలోచించి నొక్కితే గజిబిజి ఎలాగవుతాది?"

"ఆలోచించకుండా నొక్కితే పాడవదా?"

వంటింట్లోంచి తాతబాబు అన్నాడు, "అమ్మా, నువ్వు నన్ను డ్యూటీకి పంపేటప్పుడు ఎలా మాటాడతావో అలా నొక్కు."

అప్పుడు బాగానే కుదిరింది. ఆఖర్న పాస్‌వర్డ్ పెట్టమంది. కన్నమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ టైపు చేశాను. సగంలో తాతబాబు, "అమ్మా, మొత్తం వినబడతంది" అన్నాడు. మళ్లీ కొత్తది పెట్టాల్సివచ్చింది. ఈసారి పెదవులు బిగించి టైపు చేశాను.

మొదటి ఉత్తరం గజామూంగ్ నుంచే వచ్చింది. ఆమెకు చదువు రాదు, చెప్తుంటే దేవే తెలుగులో టైపు చేసింది. విప్పితే నాలుగు మాటలు. బాగున్నాను, నువ్వు బాగున్నావా, పళ్లు పోయాయి, నీకున్నాయా. నేను కళ్లు తుడుచుకుంటుంటే కన్నమ్మ కింది వరసలు చదువుతూ ఆగింది.

"ఏటి రాసుంది అక్కడ?"

"ఏం లేదు అత్తా. సంతకం సరైనదే అంటంది."

"ఇంకా ఉంది కదా అక్కడ. చదువు."

కన్నమ్మ కొంచెం నసిగింది. "ఈ తాళంచెవి నిజంగా ఆ మనిషిదే అనడానికి ఆధారమేదీ లేదు, జాగ్రత్త అంటంది. అది అందరికీ అంటాది. మనం ఎదురుగా కలిసి సరిచూసుకోలేదు కదా, అందుకు."

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. మర్నాడు ఒక ప్రశ్న పంపాను. గోంచానుంచి తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఏం జరిగింది? మూడో రోజుకు జవాబు వచ్చింది. మీ ఆయనకని మూటకట్టిన పనసతొనలు మనిద్దరం గీదం దాటకముందే తినేశాం, ఇంటికెళ్లి రైల్లో ఎవరో కొట్టేశారని చెప్పినవ్, ఆయన పోలీసు కంప్లైంట్ ఇస్తానని లేచిండు.

నేను పకపకా నవ్వాను. కన్నమ్మ తెర వైపు చూపించింది. "నీకు తెలిసింది గాని మిషన్‌కి ఇంకా తెలీదు. చూడు, ఇప్పుడు కూడా అదే మాటంటంది."

"దాని భయం దానిది" అన్నాను. మనసులో మాత్రం ఆ మిషన్ మీద కొంచెం గౌరవం కలిగింది. ఎన్నిసార్లు చెప్పినా నమ్మకుండా ప్రతిసారీ భయపడేదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్నాను.

అలా ఎండాకాలమంతా ఉత్తరాలు నడిచాయి. నేను తెలుగు కీబోర్డు నేర్చుకున్నాను. ఉత్తరం నేను టైపు చేసేదాన్ని, తాళం వేసే ఆదేశం కన్నమ్మ రాసేది. ఎవరికి అన్నచోట గజామూంగ్ చెవి నంబరులో చివరివి, తోక అంకెలంటాం, ఏవో వేసేది. ప్రతిసారీ మిషన్, ఈ చెవి ఆమెదో కాదో నాకు తెలీదు, అయినా వాడమంటావా అని అడిగేది. కన్నమ్మ అవునని నొక్కేది.

మృగశిర కార్తె దగ్గరపడుతుండగా వచ్చిన ఉత్తరం నా ప్రాణం మీదికి తెచ్చింది. వచ్చే సంతరోజున దేవే మందుల పెట్టెలు తీసుకోవడానికి క్లినిక్ జీపులో సగందారిలోని తోంగ్‌పాల్ వస్తోంది. నువ్వొస్తానంటే నేనూ ఎక్కుతా. నీ మాట అందితేనే వస్తా, లేకుంటే దేవే నన్ను ఎక్కించుకోనంటోంది, ఉత్తగా ఎండలో కూర్చోబెట్టనంటోంది. వానలు పడితే మా వాగు దాటలేం. కోతలయ్యేదాకా ఇక అంతే. అప్పటికి నువ్వో నేనో.

ఆ చివరి మాట రాయించి ఉండాల్సింది కాదు. నేను అప్పటికప్పుడు కూర్చున్నాను. వస్తానని రాశాను. ఆ కింద ఇంకా చాలా రాశాను. కన్నమ్మ తొంగిచూడబోతే తెరకు చెయ్యి అడ్డం పెట్టాను.

"తాళం కూడా నేనే వేస్తాను" అన్నాను.

"వేస్తావా?"

"నువ్వు వేస్తుంటే చూస్తున్నాను కదా."

కన్నమ్మ ఆదేశం టైపు చేసి, ఎవరికి అన్నచోట ఖాళీ వదిలి, ఆఫీసు ఫోనొస్తే వరండాలోకి వెళ్లింది. ఆ తోక అంకెలు నాకు గుర్తులేవు. ఆమె ఎవరో నాకు తెలుసు కదా. తెలుగులో గజామూంగ్ అని టైపు చేసి, గట్టిగా ఎంటర్ నొక్కాను. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. ఉత్తరం చక్కగా పిచ్చి అక్షరాల ముద్ద అయిపోయింది. వాడమంటావా అన్న ఆ భయపు ప్రశ్న ఈసారి రాలేదు.

కన్నమ్మ తిరిగొచ్చాక ఆ మాట చెప్పాను. "ఇవాళ అడగలేదే."

"నువ్వంటే అలవాటైపోయిందేమో" అంది, ఫోన్లోనే ఒక చెవి ఉంచి. ఉత్తరం పంపేసింది.

నాకు ఎంత సంతోషమేసిందో. మిషన్ కూడా చివరికి నమ్మిందనుకున్నాను.

సంత మరో నాలుగు రోజులుంది. జవాబు రాలేదు. ఎర్రబోరులో టవర్ పడిపోయిందన్నారు, ఫోనూ కలవలేదు. నేను సంచి సర్దాను, విప్పాను, మళ్లీ సర్దాను. బీపీ మాత్రలు, గొడుగు, ఆమెకు చీర, అరిసెలు, నేను దారిలో తప్పిపోతే ఎవరికి చెప్పాలో రాసిన చీటీ. తాతబాబు ఆ చీటీ చదివి, "ఇందులో ఊరి పేరు, నా నంబరు, రైల్వే నంబరు ఉన్నాయి గాని నీ పేరు లేదు" అన్నాడు.

"తప్పిపోయేది నేనే కదా, నాకు తెలీదా నా పేరు?"

కన్నమ్మ సెలవు పెట్టి నాతో వచ్చింది. చీకటుండగానే బయలుదేరి జగదల్‌పూర్‌లో బస్సు దిగాం. తోంగ్‌పాల్ మీదుగా పోయే సుక్మా బస్సెక్కబోతుంటే కన్నమ్మ ఫోన్ టింగుమంది. చదివి, నన్ను పక్కకు లాగి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"అత్తా, కంగారుపడకు."

అలా అంటే ఎవరు పడరు? "ఏమైంది? ఆమెకు ఏమైనా అయిందా?"

"కాదు. దేవే నిన్న రాత్రి పంపిన మెసేజ్, ఇప్పుడు అందింది. మన ఉత్తరం వాళ్లకు తెరుచుకోలేదంట." కన్నమ్మ నుదురు రుద్దుకుంది. "నువ్వు ఎవరికి అన్నచోట ఏం రాశావు?"

"గజామూంగ్ అని."

కన్నమ్మ కళ్లు మూసుకుంది. "నీ చెవి పేరూ గజామూంగే, ఆవిడ చెవి పేరూ గజామూంగే. ఆవిడ కూడా దేవేతో అదే పెట్టించింది, అందుకే నేను పేరు బదులు అంకెలు వేసేదాన్ని. మిషన్ ముందు కనబడిన గజామూంగ్‌ని తీసుకుంది. అది నువ్వు. నీ ఉత్తరం నీకే తాళమేసి పంపావు అత్తా. అందుకే అది ప్రశ్న అడగలేదు. నీ చెవి నీదే కదా, దానికి అనుమానమేటి?"

అంటే నా మాట అందలేదు. అందితేనే వస్తానంది. దేవేకు తిరిగి ఫోన్ చేస్తే కలవలేదు, జీపు అడవిదారిలో ఉండి ఉంటుంది. అందులో గజామూంగ్ ఉందో లేదో తెలీదు.

"వెనక్కి ఎల్దామా?" అంది కన్నమ్మ మెల్లగా.

బస్సు హారన్ కొట్టింది. నేను లేచి సంచి భుజాన వేసుకున్నాను. "నేను వస్తానని రాశాను కదా. ఆమెకు అందకపోతే మాత్రం, రాసింది నేనే కదా."

తోంగ్‌పాల్ దాకా కిటికీ ఊచ పట్టుకునే కూర్చున్నాను. ఎదురుగా వచ్చే ప్రతి జీపులోకీ తొంగిచూశాను. దిగేసరికి సంత నిండుగా ఉంది. చింతపండు గుట్టలు, ఎండుచేపలు, కోళ్ల గంపలు, తలల మీద మూటలతో ఎడతెగని జనం. ఎంత తిరిగినా ఏ జీపూ కనబడలేదు. ముసలి మొహాలన్నీ ఆమెవే అనిపించాయి, ఒక్కటీ ఆమెది కాదు.

"పిలువు అత్తా" అంది కన్నమ్మ. "లేదా పేరు చెప్పు, నేను పిలుస్తాను."

పేరు నా నాలుక మీదే ఉంది. మింగేశాను. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "గజామూంగ్" అని ఒక్క కేక వేశాను.

సంతలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒక్కసారి తిరిగిచూశారు. బెల్లం అమ్మే ఆమె నిలబడి "హావ్" అని బదులు పలికింది కూడా. ఈ దేశంలో ఎవరికి లేరు గజామూంగులు? వాళ్లు నన్ను చూసి, ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు మసకబారాయి, ఎందుకంటే తిరిగినవాళ్లలో ఆమె లేదు.

ఉండదు కదా. ఆమెకు వినబడితేగా తిరగడానికి.

వెనకనుంచి ఎవరో నా సంచి పట్టుకుని లాగారు. సంతల్లో దొంగలుంటారని నేను సంచిని రెండు చేతులా పట్టుకున్నాను. అవతలివాళ్లు ఇంకా గట్టిగా లాగారు.

"ఏంది గజామూంగ్, ఈ సంచిక్కూడా తాళమేసినవా?"

పళ్లు నిజంగానే పోయాయి. మిగతాదంతా ఆమే. మేమిద్దరం ఆ సంచిని మధ్యలో పట్టుకునే ఒకరి మీద ఒకరం వాలిపోయాం. అరిసెలు విరిగిన చప్పుడు నాకు వినబడింది.

"ఉత్తరం తెరుచుకోలేదన్నారు" అని ఆమె చెవిలో అరిచాను. "మరి ఎలా వచ్చావు?"

"తెరుచుకోలే. దేవే అన్నది, అమ్మా, పెద్దమ్మ తనకే తాళమేసుకున్నది, లోపల ఏముందో తెల్వదు, వస్తదో రాదో తెల్వదు, నిన్ను తీస్కపోను అని." గజామూంగ్ నా చెయ్యి వదలకుండానే చెప్పింది. "నేనన్నా, ఓ పిచ్చిపిల్లా, రానని చెప్పేటందుకు ఎవరన్నా గంత తాళం ఏస్తరా? రానని ఊరికే చెప్పొచ్చు. అది వస్తంది. అందుకే భయపడి అంత గట్టిగ మూసింది. బండి తియ్ అన్న."

దేవే వెనకాల మందుల పెట్టె మోస్తూ వచ్చింది. "తియ్యకపోతే జీపు ముందు కూర్చుంటనన్నది, పెద్దమ్మా. వరహాలమ్మ పెద్దమ్మ అంటే మీరేగా?"

"నువ్వు పలకొచ్చు లేవే" అంది గజామూంగ్. ఎలా వినబడిందో.

నలుగురం చింతపండు గుట్టల పక్కన చాప మీద కూర్చున్నాం. ముక్కలైన అరిసెలు పళ్లు లేని ఆమెకే అనువుగా ఉన్నాయి. కన్నమ్మా దేవే తమ తమ ఫోన్లు తీసి, మా ఇద్దరి చెవుల వేలిముద్రలట, నలభై అక్షరాలు, ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూశారు. ఇక మిషన్ అనుమానపడదని చెప్పారు. గజామూంగ్ తన బొటనవేలు చూపించి, "నా ఏలుముద్ర రేషన్ షాపు మిషినే పట్టదు, అరిగిపోయింది. ఇదెట్ట పట్టింది?" అంది. దేవే ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు.

పొద్దు వాలింది. జీపు డ్రైవరు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. నాకు ఎప్పటి భయమే పట్టుకుంది. ఆమె లేవకముందే చెప్పేయాలనిపించింది.

"ఆ ఉత్తరంలో ఏం రాశానో చెప్తాను, విను" అని ఆమె చెవి దగ్గరికి వంగాను.

గజామూంగ్ అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. చేతికి ఇంకా బెల్లం జిగురుంది.

"సంతల అరుస్తవా? గట్టిగ మూసిన మాట కదా అది." లేచి చీర దులుపుకుంది. "ఇంటికి పోయి మళ్ల సరిగ్గ మూసి పంపు. నాకు పంపు, నీకు కాదు. ఇయ్యాల చెప్పేస్తే వానకాలమంతా నేనేం ఎదురుచూడాలె?"

జీపు ఎక్కించాం. అది మలుపు తిరిగేదాకా చూశాను. కన్నమ్మ నా మొహంలోకి చూస్తోందని తెలుసు.

"తోక అంకెలు చెప్పు" అన్నాను. "బస్సులో నేర్చుకుంటాను."